ఊర్వశి శారద గారి గురించి అందరూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మాది తెనాలి పక్కన పల్లె. శారద గారి మాట ఎక్కడ వచ్చినా నేను ఆగలేను, మాట్లాడేస్తాను, అందుకని నన్ను అడిగే వాళ్ళు కూడా ఎక్కువే. చిన్న వయసు వాళ్ళేమో "స్టాలిన్ లో చిరంజీవి వాళ్ళమ్మ కదా" అంటారు, మలయాళం ఫ్రెండ్స్ ఏమో "ఆవిడ మా నటి, మీకెలా తెలుసు" అంటారు, రెండూ విన్నప్పుడల్లా మనసుకి ఎలాగో ఉంటుంది. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే బదులు అన్నీ ఒక చోట రాసేద్దాం అనిపించింది.

శారద గారు అంటే ఎవరు? ఒక్క ముక్కలో చెప్పండి.

తెనాలిలో పుట్టి, మద్రాసులో సినిమాల్లోకి వచ్చి, కేరళ వాళ్ళ చేత మా మనిషి అనిపించుకుని, బెస్ట్ యాక్ట్రెస్ గా నేషనల్ అవార్డు మూడు సార్లు తీసుకున్న నటి. ఆ మూడిట్లో రెండు మలయాళం సినిమాలకి, ఒకటి తెలుగు సినిమాకి.

అసలు ఆవిడ తెలుగావిడా, మలయాళీనా?

తెలుగావిడే అండీ, అనుమానమే లేదు. 1945 జూన్ 25న తెనాలిలో పుట్టారు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. చిన్నప్పుడే మద్రాసు పంపించేసారు, చిన్న వయసులోనే డాన్స్ నేర్చుకున్నారు, కూతురు ఆర్టిస్ట్ అవ్వాలని వాళ్ళమ్మ గారికి బాగా కోరిక. మా తెనాలి వైపు నాటకాల పిచ్చి ఎంతో తెలియని వాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు గానీ, పాతతరం నటుడు గోవిందరాజుల సుబ్బారావు గారి ఊరు అది, జగ్గయ్య గారిదీ కృష్ణ గారిదీ పక్క పల్లెలు, ఆ గాలిలోనే ఏదో ఉంటుంది.

అసలు పేరు ఏంటి?

సరస్వతీదేవి. సినిమాల్లో అప్పటికే ఆ పేరుతో ఇంకొకరు ఉన్నారని శారద అని మార్చుకున్నారు. సరస్వతి అన్నా శారద అన్నా ఒకే దేవత కాబట్టి పేరు మారినా అర్థం మారలేదు, నాకు ఆ సంగతి చాలా ఇష్టం.

మరి ఊర్వశి అని ముందు ఎందుకు పెడతారు? మలయాళంలో ఊర్వశి అని ఒక హీరోయిన్ ఉన్నారు కదా, ఆమేనా?

కాదు, ఆవిడ వేరు, ఈవిడ వేరు. ఎక్కువ మంది అడిగేది ఇదే. నేషనల్ అవార్డుల్లో నటీనటులకి విడిగా అవార్డు ఇవ్వడం 1967 సినిమాల నుంచి మొదలైంది, మగవాళ్ళకిచ్చే దానికి భరత్ అవార్డు అని, ఆడవాళ్ళకిచ్చే దానికి ఊర్వశి అవార్డు అని పేర్లు పెట్టారు. మొదటి ఊర్వశి నర్గీస్ గారు, రెండో ఊర్వశి మన శారద గారు, 1968 మలయాళం సినిమా తులాభారానికి. అంటే సౌత్ నుంచి ఆ అవార్డు తీసుకున్న మొట్టమొదటి హీరోయిన్ మన తెనాలి అమ్మాయి, అప్పటికి నిండా పాతికేళ్ళు లేవు. 70ల మధ్యలో ఆ భరత్, ఊర్వశి అనే పేర్లు తీసేసారు, కానీ తెలుగు పోస్టర్ల మీద, టైటిల్ కార్డుల్లో ఊర్వశి శారద అనే పడుతూ వచ్చింది. ఆ అవార్డు తీసుకున్న వాళ్ళు ఇంకా ఉన్నారు, వహీదా రెహమాన్ గారు, షబానా ఆజ్మీ గారు, వాళ్ళ పేర్ల ముందు ఎవరూ ఊర్వశి అనలేదు. ఆ మాట ఈవిడకే ఇంటిపేరులా అతుక్కుపోయింది.

తెలుగులో మొదట్లో కామెడీ వేషాలు వేసారని అంటారు, నిజమేనా?

నిజమే. చిన్నపిల్లగా 1955లో వచ్చిన కన్యాశుల్కంలో చిన్న వేషం, తర్వాత 1961లో ఆదుర్తి సుబ్బారావు గారి ఇద్దరు మిత్రులుతో కాస్త గుర్తింపు వచ్చింది, అందులో అక్కినేని గారు డబుల్ రోల్. ఆ తర్వాత కొన్నేళ్ళు మన వాళ్ళు ఆవిడకి ఎక్కువగా ఇచ్చింది హాస్యం జోడీలు, చెల్లెలి పాత్రలు, హీరోయిన్ పక్కన సెకండ్ వేషాలు. అవి బాగా చేయలేదని కాదు, నవ్వించడం కూడా వచ్చు ఆవిడకి, కానీ అంత నటి మన చేతిలో ఉన్నప్పుడు మనకి కనపడలేదు. నేను ఎప్పుడూ బాధపడేది దీని గురించే.

మలయాళానికి ఎలా వెళ్ళారు?

అప్పట్లో దక్షిణాది సినిమా అంతా మద్రాసు చుట్టూనే తిరిగేది, నాలుగు భాషల వాళ్ళూ ఆ స్టూడియోల్లోనే కలిసేవాళ్ళు కాబట్టి ఒక భాష వాళ్ళు ఇంకో భాషకి వెళ్ళడం మామూలే. అలెప్పీలో ఉదయా స్టూడియో నడిపిన కుంచాకో గారు 1965లో ఇణప్రావుగళ్ అనే సినిమాకి తీసుకున్నారు, పక్కన సత్యన్ గారు, అప్పటి మలయాళంలో చాలా పెద్ద నటుడు. అదే ఏడాది ఎం.టి. వాసుదేవన్ నాయర్ గారు రాసిన మురప్పెణ్ణు వచ్చింది, దానికి దర్శకుడు ఎ. విన్సెంట్. ఈ విన్సెంట్ గారి పేరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే శారద గారి కెరీర్ ని మలుపు తిప్పిన మనిషి ఆయన. తెలుగు వాళ్ళకి కూడా ఆయన పరాయి కాదు, అడవి రాముడుకీ, చాలా ఏళ్ళ తర్వాత అన్నమయ్యకీ కెమెరా ఆయనదే. మురప్పెణ్ణు, అసురవిత్తు, తులాభారం, త్రివేణి, ఈ నాలుగూ ఆయన డైరెక్షన్, నాలుగిట్లోనూ శారద గారే. స్వతహాగా కెమెరామెన్ కదా, ఒక మొహం మీద కెమెరా ఎంతసేపు ఆపితే ఏం దొరుకుతుందో ఆయనకి తెలుసు అనిపిస్తుంది నాకు, శారద గారి మొహం మీద ఆయన ఓపిగ్గా ఆగారు, మనమేమో కట్ చేసి కామెడీకి వెళ్ళిపోయాం.

భాష రాకుండా మలయాళంలో అంత బాగా ఎలా చేసారు? డబ్బింగ్ ఎవరు?

చాలా సినిమాల్లో ఆవిడకి గొంతు ఇచ్చింది టి.ఆర్. ఓమన అనే నటి. మలయాళం వాళ్ళకి శారద గారి మొహం అనగానే గుర్తొచ్చే గొంతు ఓమన గారిదే. కొంతమంది దీన్ని పట్టుకుని "వేరే వాళ్ళ గొంతుతో చేసి అవార్డేంటి" అంటారు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు. మాట తీసేసినా మిగిలేదేదో చూడండి. తల కొంచెం వంచి కళ్ళు మాత్రం పైకెత్తడం, ఏడుపు వచ్చే ముందు గొంతు దగ్గర నరం కదలడం, పైట కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ ఆగిపోవడం. అవి డబ్బింగ్ థియేటర్లో పుట్టవు. ఓమన గారి గొప్పతనం ఓమన గారిది, అది కూడా చెప్పుకోవాల్సిందే.

తులాభారం కథ ఏంటి? అంతలా ఏడిపించిందా?

తోప్పిల్ భాసి గారి నాటకం అది, కేరళలో కమ్యూనిస్టు నాటకాలు ఊరూరా తిరిగిన కాలం నాటిది. విజయ అనే అమ్మాయి బాగా కలిగిన ఇంట్లో పుడుతుంది, ఇల్లు కూలిపోతుంది, ఫ్యాక్టరీ కార్మికుణ్ణి పెళ్ళి చేసుకుంటుంది, యూనియన్ గొడవల్లో అతన్ని చంపేస్తారు, ముగ్గురు పిల్లలు, తిండి లేదు. చివరికి పిల్లలకి విషం పెట్టి తనూ తింటుంది, పిల్లలు పోతారు, తను బతుకుతుంది. కోర్టులో బోనులో నిలబెడతారు.

కథ ఇలా చెప్తే ఏడుపు సినిమా అనుకుంటారు. కానీ ఆ బోనులో ఆవిడ నిలబడిన తీరు చూడాలి, ఏడ్చి ఏడ్చి ఇక ఏడవడానికి ఏమీ మిగలని మనిషిలా ఉంటుంది, తనకి శిక్ష వెయ్యమనే అడుగుతుంది, వదిలెయ్యమని కాదు. అప్పటికి ఆవిడ వయసు ఇరవై మూడు అని గుర్తొస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అదే తెలుగులో మనుషులు మారాలి కదా?

అవును, 1969లో వి. మధుసూదనరావు గారు తీసారు, హీరో శోభన్ బాబు గారు, ఆయనకి కూడా అది పెద్ద మలుపు. తమిళంలో తులాభారం పేరుతోనే వచ్చింది, హిందీలో సమాజ్ కో బదల్ డాలో. నాలుగు భాషల్లోనూ ఆ తల్లి పాత్ర శారద గారే చేసారు, నాలుగు సార్లు అదే విషం, అదే బోను. ఒక నటి ఒకే దుఃఖాన్ని మళ్ళీ మళ్ళీ మొదట్నుంచి మొయ్యడం అంటే మాటలు కాదు.

మా నాయనమ్మ ఈ సినిమా తెనాలిలో చూసింది. వడ్లు అమ్మిన డబ్బులతో నలుగురు ఆడవాళ్ళు కలిసి బండి కట్టించుకుని వెళ్ళారట, సినిమా అయిపోయి లైట్లు వేసినా ఆడవాళ్ళ బెంచీల్లో ఎవరూ లేవలేదట, గేట్ మనిషి వచ్చి "అమ్మా ఇక లేవండి, రెండో ఆట వాళ్ళు బయట ఉన్నారు" అని బతిమాలుకోవాల్సి వచ్చిందని చెప్పేది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఎవరూ మాట్లాడలేదు, ఇంటికొచ్చి నిద్రపోతున్న పిల్లల్ని లేపి మరీ అన్నం పెట్టిందట మా నాయనమ్మ. ఆ లేపిన పిల్లల్లో మా నాన్న ఒకడు.

స్వయంవరం గురించి చెప్పండి, అది ఆర్ట్ సినిమా కదా, బోర్ కొడుతుందా?

అదూర్ గోపాలకృష్ణన్ గారి మొట్టమొదటి ఫీచర్ సినిమా, 1972. ప్రభుత్వ సంస్థ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పు ఇస్తే తీసిన చిన్న బడ్జెట్ సినిమా. అప్పటికి శారద గారు మలయాళంలో పెద్ద కమర్షియల్ స్టార్, కొత్త డైరెక్టర్, అదీ పాటలు డాన్సులు లేని సినిమా, అయినా చేసారు. సీత, విశ్వం అనే జంట ఇంట్లో చెప్పకుండా వచ్చేసి ఊళ్ళో కాపురం పెడతారు. మొదట మంచి హోటల్, తర్వాత చవక హోటల్, తర్వాత పేదవాళ్ళ వాడలో అద్దె ఇల్లు, డబ్బు తగ్గే కొద్దీ గది తగ్గుతూ వస్తుంది. విశ్వానికి రచయిత అవ్వాలని ఉంటుంది, కానీ ముందు ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు, తర్వాత రంపం మిల్లులో గుమాస్తా పని. మధు గారు చేసారు ఆ పాత్ర.

సినిమా మొదలవ్వడమే బస్సు ప్రయాణం, మాటలు లేకుండా చాలాసేపు నడుస్తుంది. సీత కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది, కొత్త ఆనందం ఉంటుంది మొహంలో, లోపల్లోపల భయం కూడా ఉంటుంది, రెండూ ఒకేసారి కనిపిస్తాయి. బోర్ అంటారా, ఆ బస్సు దగ్గర ఓపిక పడితే మిగతా సినిమా అదే లాక్కెళ్తుంది. చివర్లో భర్త పోయి చంటిబిడ్డతో మిగిలిపోయి మూసి ఉన్న తలుపు వైపు చూస్తుంది సీత, అక్కడితో సినిమా ఆగిపోతుంది. ఏం చేస్తుందో చెప్పరు. బెస్ట్ ఫిల్మ్, బెస్ట్ డైరెక్టర్, బెస్ట్ కెమెరా, బెస్ట్ యాక్ట్రెస్, నాలుగు నేషనల్ అవార్డులు వచ్చాయి. శారద గారికి ఇది రెండో ఊర్వశి.

మీకు అన్నిట్లో ఏది ఇష్టం?

ఎలిప్పత్తాయం. దీనికి ఆవిడకి నేషనల్ అవార్డు రాలేదు, అయినా నా లెక్కలో ఆవిడ చేసిన వాటిల్లో ఇదే పైన ఉంటుంది. ఎలిప్పత్తాయం అంటే ఎలుకల బోను. 1981లో అదూర్ గారు తీసారు, ఆయన మొదటి కలర్ సినిమా, లండన్ ఫిల్మ్ ఫెస్టివల్ లో సదర్లాండ్ ట్రోఫీ వచ్చింది.

పాతకాలపు భూస్వాముల ఇల్లు, అన్నీ పోయి పేరు మాత్రం మిగిలింది, ఉణ్ణి అని ఇంటి మగవాడు, కరమన జనార్దనన్ నాయర్ గారు చేసారు, ఏ పనీ చెయ్యడు, గోళ్ళు కత్తిరించుకోవడం, పేపర్ చదవడం, పడక కుర్చీలో కూర్చోవడం. దారిలో నీళ్ళ మడుగు ఉందని శుభకార్యానికి వెళ్ళకుండా వెనక్కి వచ్చేస్తాడు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు, పెద్దావిడ పెళ్ళై వేరే ఉంటుంది వాటా అడగడానికి వస్తుంది, చిన్నది చదువుకుంటూ ఉంటుంది, మధ్యలో రాజమ్మ, శారద గారు. పెళ్ళి సంబంధం వస్తే ఉణ్ణి కుదరనివ్వడు, ఎందుకంటే ఆవిడ వెళ్ళిపోతే నీళ్ళు కాచేదెవరు, వండేదెవరు.

ఒక చోట ఆవు తోటలోకి వచ్చి మేస్తూ ఉంటుంది. ఉణ్ణి కుర్చీలోంచి లేవడు, "రాజమ్మా, రాజమ్మా" అని పిలుస్తాడు. లోపల పనిలో ఉన్న రాజమ్మ వస్తుంది. అంతే సీను. ఆవిడ తిట్టదు, విసుక్కోదు, కానీ ఆ రావడంలోనే ఇరవై ఏళ్ళ చాకిరీ ఉంటుంది. ఒక్కో చెల్లెలికి ఒక్కో రంగు బట్టలు పెట్టారు అదూర్ గారు, రాజమ్మకి నీలం, ఆ నీలం చీకటి వంటింట్లో కదులుతూ ఉంటే మనిషి నీడైపోతున్నట్టు అనిపిస్తుంది. చివరికి జబ్బు చేసి కూలబడిపోతే తప్ప ఆ ఇంట్లోంచి ఆవిడ బయటికి రాదు, నడిచి కూడా కాదు, ఎత్తుకెళ్తారు.

నేను మొదటిసారి చూసింది దూరదర్శన్ లో, ఆదివారం మధ్యాహ్నం వేరే భాషల అవార్డు సినిమాలు వేసేవాళ్ళు కదా, అప్పుడు. కింద ఇంగ్లీష్ అక్షరాలు వచ్చేవి, నాకే సరిగ్గా అందేవి కాదు, పక్కన కూర్చున్న నాయనమ్మకి చదవడమే రాదు. సగం సినిమా అయ్యాక ఆవిడ అంది, "ఆ పిల్ల పొద్దున్నుంచీ ఒక్కసారన్నా కూర్చుందేమో చూడరా." నేను గమనించలేదు అప్పటిదాకా. అప్పట్నుంచి ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా నా కళ్ళు దానికోసమే వెతుకుతాయి.

మూడో నేషనల్ అవార్డు తెలుగుకే కదా, ఆ సినిమా పేరు ఎవరికీ తెలీదేంటి?

నిమజ్జనం. బి.ఎస్. నారాయణ గారు డైరెక్టర్. అస్థికలు కలపడానికి ఎడ్లబండి మీద బయల్దేరిన బ్రాహ్మణ దంపతుల కథ, దారిలో ఆమె మీద జరిగిన ఘోరం, దాన్ని ఆమె ఎవరికీ చెప్పుకోలేక మోసిన తీరు. హైదరాబాద్ లో నేను అడిగిన పది మందిలో ఒక్కళ్ళు కూడా పేరు వినలేదు. తెలుగు సినిమాకి బెస్ట్ యాక్ట్రెస్ నేషనల్ అవార్డు తెచ్చిన మొదటి సినిమా అది, 1978 సంవత్సరానికి. ఆ తర్వాత తెలుగు సినిమాల్లో నటించి ఆ అవార్డు తీసుకున్నది దాసికి అర్చన గారు, కర్తవ్యానికి విజయశాంతి గారు, మహానటికి కీర్తి సురేష్. కర్తవ్యం, మహానటి అందరికీ తెలుసు, దాసి కొంతమందికి తెలుసు, మొదటిది మాత్రం మర్చిపోయాం. మనవాళ్ళు పట్టించుకోలేదు అని ఊరికే అనడం నాకిష్టం లేదు, కానీ ఇది మాత్రం పట్టించుకోకపోవడమే.

మూడు సార్లు అంటే ఎంత గొప్ప? ఇంకెవరికైనా వచ్చాయా?

షబానా ఆజ్మీ గారికి ఐదు వచ్చాయి. కానీ శారద గారు రెండు వేర్వేరు భాషల్లో, పూర్తిగా వేర్వేరు రకం డైరెక్టర్ల దగ్గర, పదేళ్ళ వ్యవధిలో తీసుకున్నారు, మెలోడ్రామాకి ఒకటి, మాటలు తక్కువ ఉండే సినిమాకి ఒకటి. త్రివేణి, తార సినిమాలకి 1970లో కేరళ స్టేట్ అవార్డు కూడా వచ్చింది.

ఎప్పుడూ ఏడుపు పాత్రలేనా?

కేరళలో ఆవిడకి దుఃఖపుత్రి అని పేరు, ప్రేమగానే అంటారు. కానీ అన్నీ అవే అనుకోవద్దు. 1968లో కె.ఎస్. సేతుమాధవన్ గారి యక్షిలో ఈవిడ మనిషా యక్షిణా అని హీరోకే అనుమానం వచ్చే పాత్ర, అందంగానూ ఉంటుంది, భయంగానూ ఉంటుంది. తెలుగులో 1981లో వచ్చిన న్యాయం కావాలి చూడండి, చిరంజీవి గారు, రాధిక గారు ఉన్న సినిమా, అందులో ఈవిడ లాయర్. మోసపోయిన అమ్మాయి తరఫున కోర్టులో వాదిస్తుంది, ఎదురుగా జగ్గయ్య గారు. తెనాలి వైపు వాళ్ళిద్దరూ కోర్టు హాల్లో ఎదురెదురుగా నిలబడి మాట మీద మాట విసురుకుంటుంటే మా ఊళ్ళో జనం ఈలలు వేసారంటే మీరు నమ్మాలి. తులాభారంలో బోనులో నిలబడిన మనిషి ఇక్కడ నల్ల కోటు వేసుకుని ఇంకో ఆడపిల్ల కోసం వాదించడం, నాకు ఆ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది ఎప్పుడూ.

తెలుగులో ఇంకా ఏవి చూడొచ్చు?

కె. విశ్వనాథ్ గారి శారద, 1973, సినిమా పేరే ఆవిడ పేరు, భర్త నీళ్ళలో కొట్టుకుపోతే మతి చలించిన అమ్మాయి, అతని పోలికలతో ఉన్న డాక్టర్ శోభన్ బాబు గారు. దాసరి గారి బలిపీఠం, 1975, రంగనాయకమ్మ గారి నవల, బ్రాహ్మల ఇంటి వితంతువు అరుణ వేరే కులం అతన్ని పెళ్ళి చేసుకుని ఆ కాపురంలో తన పెంపకాన్ని వదులుకోలేక పడే యాతన. అరుణ మీద మనకి కోపమూ వస్తుంది, జాలీ వస్తుంది, రెండూ వచ్చేలా చెయ్యడం కష్టం. ఎన్టీఆర్ గారితో సర్దార్ పాపారాయుడు, జస్టిస్ చౌదరి ఉండనే ఉన్నాయి, పెద్దాయన పక్కన పెద్దరికంగా నిలబడగలిగిన వాళ్ళు తక్కువ, ఈవిడ నిలబడ్డారు. అనసూయమ్మ గారి అల్లుడులో అత్తగారు అనసూయమ్మ ఈవిడే, బాలకృష్ణ గారు అల్లుడు, ఆ గర్వం, ఆ దర్పం చూస్తే రాజమ్మ వేసింది ఈవిడేనా అనిపిస్తుంది.

పెళ్ళి, కుటుంబం?

నటుడు చలం గారిని పెళ్ళి చేసుకున్నారు, తర్వాత విడిపోయారు. అంతకు మించి తవ్వడం నాకిష్టం లేదు, ఆవిడ జీవితం ఆవిడది.

ఎంపీగా కూడా చేసారట?

చేసారు. 1996లో తెలుగుదేశం తరఫున తెనాలి నుంచి లోక్ సభకి గెలిచారు. పుట్టిన ఊరు పేరుతో ఉన్న సీటు నుంచే గెలవడం, మా వైపు అది పెద్ద సంబరం, జీపు మీద నిలబడి దణ్ణం పెట్టుకుంటూ మా ఊరి సెంటర్ లో వెళ్తుంటే ముసలివాళ్ళు "అమ్మా ఏడవకమ్మా ఇక" అని అరిచారు, సినిమాలో ఏడ్చిన దానికి ఓదార్పు అన్నమాట. ఆ లోక్ సభ రెండేళ్ళలోనే రద్దయింది, 1998 ఎన్నికల్లో ఓడిపోయారు. ఇప్పుడు తెనాలి లోక్ సభ సీటే లేదు, నియోజకవర్గాలు మార్చినప్పుడు పోయింది, కాబట్టి కొత్తవాళ్ళు "తెనాలి ఎంపీ ఏంటి, ఎమ్మెల్యే కదా" అని సరిచెయ్యబోతారు, తప్పు కాదు ఎంపీయే. సినిమా వాళ్ళలో లోక్ సభకి ముందు దారి వేసింది కూడా మా వైపు మనిషే, జగ్గయ్య గారు 1967లో ఒంగోలు నుంచి.

చాక్లెట్ కంపెనీ పెట్టారని విన్నాను?

లోటస్ చాక్లెట్స్ అని, 80ల చివర్లో మొదలైంది, పెట్టిన వాళ్ళలో ఆవిడ కూడా ఉన్నారు. 2023లో రిలయన్స్ వాళ్ళు అందులో మెజారిటీ వాటా కొన్నారు.

తర్వాత సినిమాలు మానేసారా?

మానలేదు, తగ్గించారు. 1987లో భరతన్ గారి ఒరు మిన్నామినుంగింటె నురుంగువెట్టం ఉంది, నెడుముడి వేణు గారితో, రిటైరైన టీచర్ల జంట, పిల్లలు లేని ఇల్లు. ముసలితనంలో ప్రేమ ఎలా ఉంటుందో అంత మెత్తగా చూపించిన సినిమాలు నాకు ఎక్కువ గుర్తు రావు. 2005లో కమల్ గారి రాప్పకల్ లో మమ్ముట్టి గారితో, ఇంటి పెద్దావిడ సరస్వతియమ్మగా, పాత్ర పేరు ఆవిడ అసలు పేరే కావడం చూసి నేను పొంగిపోయాను. తెలుగులో 2006లో స్టాలిన్, 2007లో యోగిలో ప్రభాస్ వాళ్ళమ్మ. యోగిలో ఆ తల్లి కొడుకుని వెతుక్కుంటూ సిటీలో తిరుగుతుంది, కొడుకేమో అదే ఊళ్ళో ఉంటాడు. ఫైట్లు, పాటలు అన్నీ మర్చిపోయినా చేతిలో సంచితో ఆవిడ నడవడం మర్చిపోలేరు, సినిమా చూసిన వాళ్ళని అడగండి.

ఇప్పటివాళ్ళం ఎక్కడ మొదలెట్టాలి?

యోగి మీరు చూసే ఉంటారు కాబట్టి అక్కడ్నుంచి వెనక్కి వెళ్ళండి. ముందు న్యాయం కావాలి, తర్వాత బలిపీఠం, భాష ఇబ్బంది ఉండదు. తర్వాత మనుషులు మారాలి. మలయాళానికి వెళ్ళాక స్వయంవరం ముందు, ఎలిప్పత్తాయం తర్వాత, రెండిటికీ మధ్య ఒకట్రెండు రోజులు తేడా పెట్టండి, వెంటవెంటనే చూడకండి. సబ్ టైటిల్స్ ఉంటే మంచిదే, లేకపోయినా ఫరవాలేదు. ఎలిప్పత్తాయం పెట్టేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, వంటింట్లో పని ఉందని లేచి వెళ్తారు, ఆ పని మీరు చేసి పెట్టి మరీ కూర్చోబెట్టండి.